జవాబు చెప్పలేని మనిషి పక్కన: పరిచర్య ద్వారా ఆత్మీయ ఎదుగుదల, ఒక కేస్ స్టడీ

సంఘ కాపరిగా నేను 14 నెలల పాటు దగ్గరగా గమనించిన ఒక విశ్వాసి అనుభవాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆ విశ్వాసి, ఆయన భార్య, ఆయన పరిచర్య చేసిన ఇంటివారు ఇది రాయడానికి ఒప్పుకున్నారు. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసివేశాను. నా వైపు నుంచి జరిగిన పొరపాట్లను మాత్రం తీసివేయలేదు, ఎందుకంటే ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా వాటి దగ్గరే మొదలైంది.

వచ్చిన సమస్య

ఆయన నా దగ్గరకు వచ్చేనాటికి వయసు 46 ఏళ్లు, బాప్తిస్మం తీసుకొని 19 ఏళ్లు గడిచాయి. వృత్తిరీత్యా ఆడిటర్. ఆదివారపు ఆరాధన తప్పేవారు కాదు, ఏటా బైబిలు మొత్తం చదివి ముగించేవారు, రాబడిలో దశమభాగాన్ని క్రమంగా ఇచ్చేవారు. బయటికి కనిపించే గుర్తులతో తూచితే ఆయనలో లోపం చూపడం కష్టం. ఆయన చెప్పుకున్న బాధ ఒక్కటే: "అయ్యగారూ, ప్రార్థనలో కూర్చుంటే నా మాటలు నాకే వినిపిస్తున్నాయి తప్ప అవతల ఎవరూ ఉన్నట్టు లేదు. ఇలా రెండేళ్లయింది."

ఇలాంటి మాట విన్నప్పుడు నేను ముందుగా నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి ఎలా ఉన్నాయో అడుగుతాను. మానసిక కుంగుబాటును విశ్వాసలోపమని మందలించి, మనిషిని మరింత కుంగదీసిన సందర్భాలు మా వృత్తిలో తక్కువేమీ కావు. ఆయన బాగానే నిద్రపోతున్నారు, పని చక్కగా చేసుకుంటున్నారు. అయినా ఒకసారి వైద్యుణ్ణి కలవమన్నాను. కలిసి వచ్చారు, ఏమీ లేదని తేలింది. దాచిపెట్టిన పాపం ఏదైనా ఉందా అని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, లేదని నిజాయితీగానే చెప్పారు.

ఆయన గతాన్ని తెలుసుకుంటున్నప్పుడు ఒక విషయం నా దృష్టిలో పడింది. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా మొదట సొమ్ము పంపేది ఆయనే, కానీ ఆ 19 ఏళ్లలో ఒక్క రోగి మంచం పక్కనైనా కూర్చోలేదు. ఎందుకని అడిగితే, "వెళ్తే ఏం మాట్లాడాలో తెలియదు, నా సొమ్ము వాళ్లకు నాకంటే ఎక్కువ పనికొస్తుంది" అన్నారు. ఆ లెక్కలో తప్పు లేదు. అయితే మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ (1703–1791) రోగులను దర్శించడం గురించి ప్రసంగిస్తూ సరిగ్గా ఈ అలవాటునే ప్రస్తావించాడు. సహాయాన్ని ఇతరుల చేత పంపి తాము వెళ్లనివారు రోగికి మేలు చేసినా, దేవుడు తమకు ఇవ్వదలచిన ఒక కృపాసాధనాన్ని, అంటే ఆయన కృప మనకు అందే ఒక మార్గాన్ని, మాత్రం పోగొట్టుకుంటారని ఆయన వాదన. ప్రార్థన, వాక్యం, ప్రభురాత్రి భోజనం కృపాసాధనాలని మనకు తెలుసు. కరుణ క్రియలను కూడా ఆ వరుసలో చేర్చడం వెస్లీ బోధలో ముఖ్యమైన అంశం. ఈ విశ్వాసి తక్కిన సాధనాలన్నీ వాడుతూ ఇది ఒక్కటి వదిలేశారని నాకు తోచింది.

నేను చేసిన మొదటి పొరపాటు

అక్కడిదాకా సరిగ్గానే ఆలోచించి, ఆ తరువాత తప్పు చేశాను. ఆయనను సంఘపు సహాయ కమిటీకి బాధ్యుణ్ణి చేశాను. ప్రతివాడు పొందిన కృపావరం కొలది ఒకరికొకరు ఉపచారం చేయాలని 1 పేతురు 4:10 చెబుతోంది గనుక, లెక్కలు తెలిసిన మనిషికి లెక్కల పని ఇవ్వడం వాక్యానుసారమేనని అనుకున్నాను.

3 నెలల్లో కమిటీ పుస్తకాలు మునుపెన్నడూ లేనంత శుభ్రంగా తయారయ్యాయి. ఆయన ఆత్మీయస్థితి మాత్రం మరింత బిగుసుకుపోయింది. వైద్యఖర్చుల కోసం వచ్చిన ఒక వితంతువును అందరి ముందు రసీదులు అడిగారు. ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. నిబంధన ప్రకారం తాను చేసింది సరైనదేనని ఆయన నాతో అరగంట వాదించారు. ఆ అరగంటలో ఆమె పేరు ఒక్కసారి కూడా పలకలేదు, "దరఖాస్తుదారు" అనే అన్నారు.

పేతురు మాట సంఘక్షేమాభివృద్ధికి సంబంధించింది, ఆ కోణంలో ఆయన నియామకం సరైనదే. నేను మాత్రం దాన్ని ఆయన రోగానికి మందుగా వాడబోయాను. మనిషికి బాగా చేతనైన పని అతని నేర్పును పెంచుతుంది, దానితో పాటు తనమీద తనకున్న నమ్మకాన్నీ పెంచుతుంది. ఈ విశ్వాసికి అప్పటికే ఆ నమ్మకం అవసరానికి మించి ఉంది. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠవాసులకు రాసిన నియమావళిలో వంటశాల పని అందరూ వారాలవారీగా వంతులు వేసుకొని చేయాలని, జబ్బుపడినవారు, మరీ ముఖ్యమైన పనిలో ఉన్నవారు తప్ప ఎవరూ తప్పించుకోకూడదని నిర్దేశించాడు. చదువుకున్నవాడు, చదువురానివాడు, గొప్పింట పుట్టినవాడు అందరూ ఒకే గిన్నెలు తోమాలి. ఎవరి నేర్పుకు తగిన పని వారికి ఇస్తే మఠం ఇంకా చక్కగా నడిచేదేమో, కానీ బెనెడిక్టు చూసింది అది కాదు.

రెండో ప్రయత్నం

మా సంఘంలో పక్షవాతం వచ్చి, కుడివైపు చచ్చుబడి, మాట పూర్తిగా పోయిన ఒక పెద్దాయన ఉన్నారు. వినికిడి, అవగాహన చెక్కుచెదరలేదు. ఔననడానికి ఎడమచేత్తో మన చెయ్యి నొక్కుతారు, కాదనడానికి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఆయన భార్యే రాత్రింబవళ్లు చూసుకునేవారు.

ఇక్కడ ఒక నైతికమైన చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఒకరి ఎదుగుదల కోసం మరొకరి బాధను వాడుకోవచ్చా? మంచంలో ఉన్న మనిషి మన ఆత్మీయ అభ్యాసానికి పనిముట్టు కాడు. అందుకే ముందు ఆ ఇంటికి వెళ్లి, పెద్దాయన చెయ్యి పట్టుకొని ఉన్నది ఉన్నట్టు చెప్పాను: "ఒక సహోదరుడికి రోగుల దగ్గర కూర్చోవడం రాదు. వారానికోసారి వస్తాడు, అమ్మగారికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. అతనికి కూడా మేలు జరగాలని నా కోరిక. మీకు ఇష్టమేనా?" ఆయన గట్టిగానే నొక్కారు. అమ్మగారు మాత్రం, "నేర్పించడం ఈయనకు కొత్త కాదులెండి" అన్నారు. పెద్దాయన 30 ఏళ్లు సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి.

విశ్వాసితో చేసుకున్న ఒప్పందం చిన్నది. ప్రతి గురువారం సాయంత్రం 2 గంటలు అమ్మగారు ఏం చెబితే అది చేయాలి. ప్రసంగించకూడదు, సలహాలు ఇవ్వకూడదు, పెద్దాయన కోరితే ఒక కీర్తన చదవవచ్చు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట ప్రకారం సంఘంలో ఎవరికీ చెప్పకూడదు. మరునాడు నా దగ్గరకు వచ్చి అరగంట కూర్చోవాలి. ఆ అరగంటలో నేను మూడే ప్రశ్నలు అడిగేవాణ్ణి: అక్కడ ఏం జరిగింది, మీ లోపల ఏం లేచింది, దాన్ని ప్రభువుతో ఎలా చెబుతారు.

గొంతు నేర్పిన ఓర్పు

మొదటి రెండు వారాలు ఆయన ఆపకుండా మాట్లాడారట. నిశ్శబ్దాన్ని భరించలేక వార్తలు, వాతావరణం, ఆఫీసు విషయాలు అన్నీ చెప్పారు. మూడో వారం ఆహారం పెట్టే పని అప్పగించారు. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మింగే శక్తి తగ్గుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో కొంచెం పెట్టి, మింగారని గమనించిన తరువాతే మళ్లీ పెట్టాలి. తొందరపెడితే ఆహారం గాలిగొట్టంలోకి జారి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. ఆయనకు ఇదంతా ముందే చెప్పారు. అయినా 20 నిమిషాలు దాటేసరికి చెంచా వేగం పెరిగింది, పెద్దాయనకు పొలమారింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. అమ్మగారు గిన్నె చేతిలోంచి తీసుకొని, "బాబూ, తొందర ఉన్నరోజు రాకండి. మీరు రాకపోయినా మేమేమీ అనుకోం" అన్నారు.

మరునాడు నా ఎదుట కూర్చున్నప్పుడు ఆయనలో కోపం, సిగ్గు రెండూ ఉన్నాయి. ఆ సాయంత్రం ఆయనకు వేరే పనేమీ లేదు. మరి తొందర ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. చాలాసేపు మౌనంగా ఉండి, "ప్రార్థనలో కూడా నేనింతే అయ్యగారూ. చెప్పాల్సిన జాబితా చెప్పేసి లేస్తాను. ఆగను" అన్నారు.

నా దృష్టిలో ఈ కేసుకు కీలకం ఇదే. ప్రార్థనలో మౌనంగా కనిపెట్టమని ఆయనకు 19 ఏళ్లుగా ఎన్నో ప్రసంగాలు చెప్పాయి, వాటిలో నావీ ఉన్నాయి. ఆ ప్రసంగాలు చేయలేని పనిని ఒక బలహీనమైన గొంతు చేసింది, ఎందుకంటే అక్కడ ఓర్పు మెచ్చుకోవలసిన సుగుణంగా కాక, లేకపోతే ఎదుటి మనిషికి హాని జరిగే అవసరంగా ఎదురైంది. అయితే ఆ సాయంత్రం తరువాత అరగంట సంభాషణ లేకపోయి ఉంటే ఆయన మరో నిర్ణయానికి వచ్చేవారని నా అనుమానం: "ఈ పని నాకు తగదు." పరిచర్య మనలో ఉన్నదాన్ని బయటపెడుతుంది. బయటపడినదాన్ని ప్రభువు ఎదుటికి తీసుకువెళ్లకపోతే మిగిలేవి అలసట, అహం, లేదా పారిపోవడం.

గురువారాలు మొదలైన రెండో నెలలో మలమూత్రాల బట్టలు మార్చవలసి వచ్చినప్పుడు ఆయనకు వాంతి వచ్చినంత పనైంది, అది ప్రేమలేమి అని తనను తాను నిందించుకున్నారు. అస్సిసి ఫ్రాన్సిస్ 1226లో రాయించిన మరణశాసనంలో, కుష్ఠురోగులను చూడడమే చేదుగా ఉండేదని, ప్రభువు తనను వారి మధ్యకు నడిపించిన తరువాత ఆ చేదే తీపిగా మారిందని చెప్పుకున్నాడు. ఇలాంటి సాక్ష్యాలను నేను కొంచెం జాగ్రత్తగా చెబుతాను, ఎందుకంటే తీపి రానివారు తమకు ఆత్మ లేదనుకుంటారు. ఈ విశ్వాసికి చివరివరకు తీపి రాలేదు. 14వ నెలలో కూడా ఊపిరి బిగబట్టుకొనే ఆ పని చేశారు. కాకపోతే ఆ పని వేళకు గది బయటికి వెళ్లే సాకులు వెతకడం మానేశారు.

పెద్దాయన కాదన్న రోజు

నాలుగో నెలలో ఒక గురువారం ఆయన వెళ్లి చెయ్యి పట్టుకుంటే, పెద్దాయన చెయ్యి లాక్కొని మొహం గోడవైపు తిప్పుకున్నారు. కారణం మరునాటి సంభాషణలో బయటపడింది. అంతకుముందు జరిగిన ప్రార్థన కూటంలో ఈయన సాక్ష్యం చెబుతూ, మంచాన పడ్డ ఒక సహోదరుడికి చేస్తున్న సేవ గురించి, ఆ బట్టల సంగతితో సహా, కన్నీళ్లతో వివరించారు. పేరు చెప్పలేదు, కానీ మాట లేని రోగి సంఘంలో మరొకరు లేరు. విన్నవాళ్లలో ఒకరు ఆ ఇంటికి వెళ్లి జాలి చూపించి వచ్చారు.

నాకు కోపం వచ్చింది, ఆయనకు అది కనిపించే ఉంటుంది. ఆయన మొదట, "దేవునికి మహిమ రావాలనే చెప్పాను" అన్నారు. సువార్తలో ప్రభువు ఉపవాసం, ప్రార్థన, ధర్మం మూడింటినీ ఒకే అధ్యాయంలో, ఒకే హెచ్చరికతో, మనుషులకు కనబడాలని చేయవద్దని చెప్పిన సంగతి (మత్తయి 6) ఆయనకు కంఠస్థమే. ఆ రోజు నేను వాక్యం ఎత్తలేదు. సాక్ష్యం చెబుతున్నప్పుడు పెద్దాయన మొహం గుర్తుకొచ్చిందా అని మాత్రమే అడిగాను. రాలేదన్నారు. కమిటీలో వితంతువు పేరు పలకని సంగతిని అప్పుడు ఆయనే గుర్తుచేసుకున్నారు. ఈసారి "దరఖాస్తుదారు" అనలేదు, పేరు చెప్పారు.

ఆ తరువాత ఆయన చేసినవి రెండు. కూటంలో నిలబడి తాను చేసింది తప్పని ఒప్పుకున్నారు. పెద్దాయన దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగారు. ఎడమచెయ్యి చాలాసేపు కదలలేదట. అమ్మగారు చెప్పిన ప్రకారం, వెళ్లడానికి లేచే వేళకు అది మెల్లగా వచ్చి ఆయన వేళ్లమీద పడింది. వితంతువు దగ్గరకు వెళ్లడానికి మరో రెండు నెలలు పట్టింది.

మార్త ఇల్లు

క్షమాపణ దొరికిన ఉత్సాహంలో ఆరో నెల నుంచి ఆయన మరో మూడు ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. నేను గమనించి కూడా ఆపలేదు. సంఘానికి పనివాళ్లు దొరకడం అరుదు, దొరికినవాణ్ణి ఆపడానికి ఏ కాపరికైనా మనసొప్పదు. ఎనిమిదో నెలలో ఆయన భార్య వచ్చి, "అందరికీ ఈయన హుషారుగా దొరుకుతారు. నాకే అలసిపోయి దొరుకుతారు" అన్నారు.

ఇలాంటప్పుడు మార్త కథ ఎత్తి (ప్రభువు ఇంటికి వచ్చినప్పుడు ఆమె పనుల్లో మునిగింది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్నది), సేవ కంటే ధ్యానం గొప్పదని తేల్చేయడం మామూలు. లూకా 10లో ప్రభువు మార్తను మందలించింది ఆమె అనేకమైన పనులను గురించి విచారం పెట్టుకొని, చెల్లెలిమీద ఫిర్యాదు చేసినందుకు. యోహాను 12:2లో అదే మార్త మళ్లీ ఉపచారం చేస్తూ కనిపిస్తుంది, అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. పని మారలేదు, తొందర పోయింది. ఈ రెండు వచనాలను భార్యాభర్తలిద్దరితో కలిసి చదివాము. మూడు ఇళ్లు మానేశారు, గురువారం మిగిలింది. ఆ ఇళ్లకు వేరేవాళ్లను చూడడం నా బాధ్యత అయింది, అది అనుకున్నంత తేలిక కాలేదు.

పాదాలు కడిగించుకోవడం

పదో నెలలో ఆయన కాలు విరిగి 6 వారాలు మంచం పట్టారు. సంఘస్థులు సహాయానికి వస్తామంటే వద్దన్నారు. స్నానానికి భార్య సాయాన్ని కూడా మొహం పక్కకు తిప్పుకొనే తీసుకున్నారు. యోహాను 13లో ప్రభువు శిష్యుల పాదాలు కడుగుతుండగా, పేతురు తన పాదాలు ఎన్నడూ కడగకూడదని అన్నప్పుడు, "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు (భాగం) లేదు" అని ప్రభువు జవాబిచ్చాడు. ఒకరి పాదాలు ఒకరు కడగాలన్న ఆజ్ఞ ఆ అధ్యాయంలో దాని తరువాతే వస్తుంది. ఈ క్రమాన్ని నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు. పుచ్చుకోవడం రానివాడు ఇవ్వడంలో ఎప్పుడూ ఒక మెట్టు పైనే నిలబడి ఉంటాడు, కింద ఉన్నవారికి అది తెలుస్తూనే ఉంటుంది.

ఆ వారాల్లో అమ్మగారు కబురు పంపారు: గురువారం సాయంత్రం ఆ 2 గంటలూ పెద్దాయన ఈయన కోసం ప్రార్థిస్తున్నారట. ఎలా తెలిసిందని అడిగితే, ఆ వేళకు కళ్లు మూసుకొని ఎడమచెయ్యి పక్కనున్న ఖాళీ కుర్చీమీద పెడతారని చెప్పారు. అది విని ఈయన ఏడ్చారు. ఆ మరుసటి రోజు వచ్చిన సహోదరుణ్ణి లోపలికి రానిచ్చారు.

ఏం మారింది, ఎంతవరకు చెప్పగలను

ఆత్మీయ ఎదుగుదలను నేను అనుభూతులతో తూచను. గలతీయులకు 5:22-23లో చెప్పిన ఆత్మఫలం ఇంట్లోవాళ్లకు, పనిలో తోటివాళ్లకు కనిపిస్తుందా అని చూస్తాను. ఆయన భార్య మాటల్లో, "నేను మాట్లాడుతుండగా మధ్యలో జవాబు చెప్పడం తగ్గింది." సహాయ కమిటీలో ఇప్పటికీ రసీదులు అడుగుతారు, కానీ ముందు ఇంటికి వెళ్లి కూర్చుని, తరువాత అడుగుతారు. ప్రార్థన గురించి అడిగితే, జాబితా చిన్నదైందని, కొన్నిరోజులు అవతల ఎవరో వింటున్నట్టు ఉంటుందని, కొన్నిరోజులు ఉండదని, లేని రోజున కూడా లేవబుద్ధి కావడం లేదని చెప్పారు. వచ్చిన సమస్య పూర్తిగా తీరిందని నేను రాయలేను.

ఈ మార్పంతా పరిచర్యవల్లే వచ్చిందని కూడా అనలేను. ఏడో నెలలో ఆఫీసులో ఆయన పనిభారం తగ్గింది, కాలు విరగడం ఎవరూ వేసిన పథకం కాదు. పైగా రక్షణ కృపచేతనే, క్రియలవల్ల కాదని, సత్‌క్రియలు మనం వాటిలో నడవడానికి దేవుడు ముందుగా సిద్ధపరచినవని ఎఫెసీయులకు 2:8-10 చెప్పే క్రమాన్ని తారుమారు చేస్తే, ఇలాంటి అభ్యాసం పుణ్యం కూడబెట్టుకొనే లెక్కగా మారిపోతుంది. ఆడిటర్‌కు ఆ ప్రమాదం మరీ దగ్గర, అది మేమిద్దరం నవ్వుకుంటూ ఒప్పుకున్న సంగతి.

ఇదే పద్ధతిని మరొకరి విషయంలో వాడి నష్టం చేశాను. ఆమెదీ ప్రార్థనలో ఎండుదలే, అంటే అవతల ఎవరూ లేనట్టుండే స్థితే. కానీ ఏళ్లతరబడి ఇంట్లో ఇద్దరు రోగులను చూసుకుంటూ ఆమె అలసిపోయి ఉన్నారు. ఆమెకు నేను ఇంకో పరిచర్య అప్పగించాను. చావును కోరుతూ బదరీవృక్షం కింద పడుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత రెండుసార్లు భోజనం పెట్టాడు, మధ్యలో పడుకోనిచ్చాడు, పని గురించిన మాట ఆ తరువాత ఎప్పుడో వచ్చింది (1 రాజులు 19). ఆమెకు కావలసింది ఆ నిద్ర. ఇప్పుడు ఎవరైనా ఎండుదల గురించి చెబితే, వారు ఎవరికి సేవ చేస్తున్నారని అడిగేముందు, వారికి ఎవరు చేస్తున్నారని అడుగుతున్నాను.

14వ నెలలో పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. తరువాతి 4 వారాలు ఈ విశ్వాసి ఎక్కడికీ వెళ్లలేదు, నేనూ కొత్త ఇల్లు చూపించలేదు. ఐదో గురువారం అమ్మగారే పిలిపించారు. చేయాల్సిన పనేమీ లేదని, ఊరికే వచ్చి కూర్చోమని అన్నారట. వెళ్లారు. మరునాడు నా దగ్గరకు వచ్చి, గంటసేపు ఆమె మాట్లాడలేదని, తానూ మాట్లాడలేదని చెప్పారు. మా శుక్రవారపు అరగంట ఇంకా కొనసాగుతోంది.